దసరా నాడు పోసిన నీళ్లు

కుర్మయ్య నాలుగో అద్దం తుడుస్తున్నాడు. తొండుపల్లి దగ్గరి ఆ పరిశోధనశాల డాబా మీద ఇరవై అద్దపు పెట్టెలు ఎండకు వాలి ఉన్నాయి. వాటిలోకి ఒక గొట్టం శుద్ధిచేసిన నీళ్లు తెస్తుంది, ఇంకొకటి పొగలోని కార్బన్ డయాక్సైడు తెస్తుంది. లోపలి నల్లటి పూత ఎండను పట్టి ఆ రెంటినీ మండే ఇంధనంగా మారుస్తుంది. విమానాలు దీంతోనే ఎగురుతాయి చూడు తాతా అనేది, పూత వేసిన సరిత.

నెల రోజులుగా ఇంధనం చుక్క రాలడం లేదు.

నెల కిందట, దసరా నాడు, అందరికీ సెలవు. కుర్మయ్య ఒక్కడే వచ్చి బోరు మోటారుకూ, నిచ్చెనకూ, అద్దాలకూ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఏడాదంతా ఉత్త నీళ్లే తాగుతున్నాయి, పండగ పూట జర తియ్యగ తాగనీ అనుకుని, కొబ్బరినీళ్లు పెట్టెలకు నీళ్లందించే డబ్బాలో పోశాడు. నీళ్లలో రవ్వంత ఉప్పో తీపో కలిసినా పూత పాడవుతుందని సరిత ఎవరితోనో అంటుంటే తర్వాత విన్నాడు. ఎవరికీ చెప్పలేదు, అద్దాలు మాత్రం రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాడు.

సరిత సంచీతో మెట్లెక్కి వచ్చింది.

"ఇంకా తుడుస్తున్నావా తాతా? అవి పనిచెయ్యట్లేదుగా."

"పని చెయ్యకున్నా దుమ్ము పడ్తది గద బిడ్డా."

ఆమె నవ్వింది. "నేను వెళ్తున్నాను. పూత సరిగ్గా వెయ్యలేదని తీసేశారు. ఎక్కడ తప్పు చేశానో తెలిస్తే బాగుండేది. ఇంకోచోట వెయ్యాలంటే భయమేస్తోంది."

"నీళ్లల్ల..." అన్నాడు కుర్మయ్య.

"నీళ్లల్లో ఏంటి?"

"నాచు పడ్తదేమోనని."

"పట్టదులే. జాగ్రత్త తాతా."

సరిత ఎక్కిన ఆటో గేటు దాటింది. కుర్మయ్య గుడ్డ చేతిలో పట్టుకునే కిందికి దిగి, పెద్దసారు గోవర్ధన్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పు సరితమ్మది కాదు సారూ. దసరకు డబ్బల నేనే కొబ్బరినీళ్లు పోసిన."

గోవర్ధన్ కుర్చీలోంచి లేచాడు. "ముందే చెప్తే ఏం పోయేది, కుర్మయ్యా?"

"నౌకరి పోయేది సారూ."

గోవర్ధన్ ఫోన్ తీసి సరిత నంబరు నొక్కాడు. అవతల మోగుతోంది. ఎత్తలేదు. మళ్లీ నొక్కాడు.

కుర్మయ్య నిలబడలేక పైకి పోయాడు. మెట్ల గోడకు, మేకు మీద, సరిత ఎండటోపీ ఉంది. అంచు చుట్టూ చెమట ఆరి ఉప్పు తేలిన తెల్లటి చార.