సాగదీయని కొలత

"నువ్వు బయట కూర్చో. నేనూ కోడలూ డాక్టరుతో మాట్లాడి వస్తాం" అన్నాడు మా ఆయన, చేతిసంచీ నా ఒళ్లోకి తోస్తూ.

కూర్చున్నాను. ముప్ఫై ఆరేళ్లు బట్టల కొట్లో నిలబడ్డ కాళ్లు కదా, కుర్చీ దొరికితే వద్దంటాయా? కొట్టు తనదని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. గుడ్డ తాను విప్పేది, కొలిచేది, కోసేది, సాయంత్రం మళ్లీ చుట్టి అరలో పెట్టేది నేను. మధ్యలో ఇంటికి పరిగెత్తి వంట. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంటుంది" అంటాడు. ఆ 'కాస్త' ఎన్ని మీటర్లో నేనెప్పుడూ కొలవలేదు.

ఈ మధ్య కత్తెర దగ్గర తడబడుతున్నాను. మూడు మీటర్లు అడిగినావిడకు రెండు కోసిచ్చాను. ఒకరోజు కొట్టుకు తాళం వేసి, ఇల్లు ఎటువైపో తెలియక మెట్ల మీదే నిలబడిపోయాను. కోడలే పట్టుబట్టి ఇక్కడికి తీసుకొచ్చింది. పోయిన వారం పరీక్షలు చేశారు. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒక పక్కకే పోగుపడ్డాయి. అది చూసిన దగ్గర్నుంచీ డాక్టరమ్మ నాతో మాట్లాడటం మానేసి మా ఆయన్నే అడిగింది: "ఆవిడకి నిద్ర పడుతోందా? ఆవిడ సరిగ్గా తింటున్నారా?" ఆ 'ఆవిడ' ఆమెకు జానెడు దూరంలోనే కూర్చుని ఉంది.

తలుపు పూర్తిగా పడలేదు. మాటలు వినిపిస్తున్నాయి.

"ఆవిడకి ఇప్పుడే చెప్పకండి, బెంగపెట్టుకుంటారు. ముందుముందు ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి" అంటోంది డాక్టరమ్మ.

"కోడలుందిగా. ఉద్యోగం మానేస్తుంది" అన్నాడు మా ఆయన, అరలోంచి గుడ్డ తాను తీసిచ్చినంత తేలిగ్గా.

కోడలు ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో నా చదువు మాన్పించినప్పుడు నేనూ అలాగే ఊరుకున్నాను.

మా కొట్లో ఒక పద్ధతుంది, నేను పెట్టిందే. తానులో ఎక్కడైనా పోగు తప్పితే, కత్తెర వేయకముందే వెలుగులో పరిచి చూపిస్తాను. డబ్బిచ్చే మనిషికి కాదు, తొడుక్కునే మనిషికి. వద్దంటే వద్దు. కావాలంటే, ఆ లోపం మడతలోకి పోయేలా ఎక్కడ కోయాలో ఇద్దరం చూసుకుంటాం. తెలిస్తేనే కదా, చూసుకునేది.

లేచి లోపలికి వెళ్లాను.

"నిన్ను బయట ఉండమన్నానా?" అన్నాడు మా ఆయన.

"డాక్టరమ్మా, తొడుక్కునేది నేను. లోపం నాకు చూపించండి."

ఆమె ఒక్క క్షణం బిత్తరపోయింది. "మీరు భయపడతారనమ్మా..."

"తెలియకుండా భయపడటం ఆర్నెల్లుగా చేస్తూనే ఉన్నాను. ఇక తెలిసి భయపడతాను."

ఆమె నన్ను కూర్చోబెట్టి, తన కుర్చీని నా వైపు తిప్పుకుంది. నా మోకాళ్లకు ఎదురుగా కూర్చుంది. "మీకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు మొదలైందమ్మా. ఇంకా మొదటి దశే. పూర్తిగా నయమయ్యే మందు లేదు. మందులతో కొంతకాలం నెమ్మదించవచ్చు. ఎన్నాళ్లో కచ్చితంగా చెప్పలేను. మెల్లగా పెరుగుతుంది. కానీ ఇవాళ మీ నిర్ణయాలు మీరు తీసుకోగలరు." నా చేతిలో సంచీ తీసి పక్కన పెడుతూ, "ముందే మీతో చెప్పాల్సింది" అంది.

భయం వేసింది. అయినా ఏదో బరువు దిగింది. బట్టను సాగదీసి కొలిచే వ్యాపారులను చాలామందిని చూశాను. ఈ డాక్టరు పిల్ల సాగదీయకుండా కొలిచింది.

"అయితే ఇవాళే రాసుకోండి. కోడలు ఉద్యోగం మానదు. కొట్లో ఇక కొలిచేది, కోసేది ఈయన. పక్కన నిలబడి నేర్పిస్తాను. ఇంట్లో వంట కూడా."

"ఈ వయసులో నాకేం వస్తుందే?"

"మర్చిపోయేది నేను కదండీ. నేర్చుకోవడానికి మీకేం జబ్బు?"

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ అంతా రాసింది. కాగితం అలవాటుగా ఆయన వైపు చాచి, సర్దుకుని నా చేతికిచ్చింది. సంతకం పెట్టాను.

వరండాలోకి వచ్చాక మా ఆయన కోడలి చెవిలో గొణగడం నాకూ వినిపించింది: "కంగారుపడకు. రేపటికి ఇదంతా మర్చిపోతుందిలే."

మా ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ మామగారి ముందు గొంతెత్తని పిల్ల, వరండాలో అందరూ తిరిగి చూసేలా అంది:

"నాకు గుర్తుంటుంది మావయ్యా."