ఏడు సీట్ల బండి

"ఏడో సీటు పోరనిది," అన్నాడు పరశురాములు, పెరుగు గిన్నె కోసం చేయి చాపుతూ.

కనకలక్ష్మి గిన్నె అందించింది. ఆ ఇంట్లో పోరడనేవాడు లేడు. ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది గీతకు ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. పుట్టని పిల్లవాడికి కారులో చోటు ఖాయమైంది గాని, పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే నిలబడ్డ మనిషి ఇంత తిన్నదా లేదా అని అడిగే దిక్కు మాత్రం లేదు. ఆదివారం కదా, అందరూ తీరిగ్గా కూర్చుని సీట్లు పంచుకుంటున్నారు. ముందు పరశురాములు, పక్కన వాళ్ల నాయిన. నడిమి వరుసలో అత్త కట్టమ్మ, మనుమరాళ్లు ఇద్దరూ. వెనక కనకలక్ష్మి, ఆమె పక్కన ఆ రాబోయే మహారాజు.

"గా డబ్బా కార్ల ఇగ నాతోని కాదు కొడుకా," అంది కట్టమ్మ. "మోకాళ్లు పట్టుకపోతున్నయి. రేపు మనుమడు పుడితె యాడ కూసోబెడ్తం?"

"అందుకే గదనే అవ్వా, పెద్దది చూస్తున్న. కార్లమ్మే తిరుపతి దగ్గరికి మంచి బండి వచ్చిందట. సింగిల్ ఓనర్."

మోకాళ్ల సంగతి కనకలక్ష్మికీ తెలుసు. ఆ చిన్న కారులో కురవి గుడికి పోయినా, పెళ్లికి పోయినా ఆమె ప్రయాణం ఒక్కతీరే. చిన్నది ఒళ్లో, పెద్దది సగం తొడ మీద, పాదాల మధ్య పులిహోర డబ్బా, చేతిసంచిలో వాంతుల కవర్లు. దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కి నేల తెలియదు. అందరూ దర్శనానికి పోతే చెప్పుల దగ్గర నిలబడేది ఆమే. వచ్చాక పులిహోర విస్తళ్లలో పెట్టేది ఆమే. "ఎన్కకు మంచిగ జారబడి కూసున్నవ్, నీకేం తక్కువ," అని పరశురాములు అద్దంలోంచి అనేవాడు. ఆ మాటలో కోపం కూడా ఉండదు. కోపమైనా ఉంటే ఎదురు మాట్లాడవచ్చు.

ఆమె లింగాల ఘనపూర్ మండలంలో ఒక ఊరి అంగన్‌వాడీ టీచరు. పొద్దున రెండు పూటల కూర వండి, పిల్లల జడలు వేసి, బస్సెక్కి పోతుంది. కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు రాసుకుంటుంది, పిల్లల బరువులు తూస్తుంది, ఇల్లిల్లూ తిరిగి బిడ్డకూ బిడ్డకూ ఎడం ఉండాలని చెబుతుంది. "నీదేం పనే, పాటలు పాడి గుడ్లు పంచుడే గద," అంటాడు పరశురాములు. ఆయనకు మోటారు వైండింగ్ షాపు. కాలిన బోరు మోటారు విప్పి రాగి తీగ చుట్టడం పని, కడుపు కాలిన పిల్లలకు అన్నం పెట్టడం పాట. మొన్న మీటింగులో సూపర్‌వైజరు మేడమ్ కూడా అందరి ముందూ అంది, "ఊరోళ్లకేమో ఇద్దరు చాలంటావు, మీ ఇంట్లో మాత్రం మూడోవాడి కోసం గుళ్లు తిరుగుతున్నారట కదా" అని. నలభై మంది నవ్వారు. కనకలక్ష్మి కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడవాల్సి వస్తుంది, అక్కడ ఏడిస్తే దానికీ ఒక మాట పుడుతుంది.

ఆ నలభై మందికీ, ఈ ఇంట్లో వాళ్లకూ తెలియనిది ఒకటుంది. ఆమెకు ఇక పిల్లలు పుట్టరు. చిన్నది పుట్టినప్పుడే, జనగామ పెద్ద దవాఖానలో, కాన్పు ఆపరేషన్‌తో పాటే పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్ కూడా అయిపోయింది. పెద్దదాని కాన్పులో రక్తం ఆగక రెండు సీసాలు ఎక్కించారు. రెండోసారి బల్ల మీద పడుకోకముందే ఆడపిల్లయినా మగపిల్లవాడైనా ఇదే ఆఖరు అనుకుంది. సంతకం పెట్టింది. బయట ఆడపిల్ల అని చెప్పగానే అత్త కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. పరశురాములు షాపులో మోటారు కాలిందని పోయాడు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో అంతా రాసే ఉంది. దాన్ని ఇంట్లో ఎవరూ విప్పి చూడలేదు. ఆడపిల్ల పుట్టిన కాగితం కదా, ఏముంటుంది అందులో చూడ్డానికి.

చెబుదామనుకుంది. పచ్చి ఒళ్లు ఆరాక చెబుదాం, బారసాల అయ్యాక చెబుదాం అనుకుంటూనే ఉంది. బారసాలనాడు ఆడబిడ్డ కల్యాణి ఉయ్యాల ఊపుతూ, "మూడోసారి గూడ తప్పితె మా అన్నకేం, ఊ అంటె పిల్లనిచ్చెటోళ్లు లైన్ కడ్తరు," అని నవ్వింది. ఆ నవ్వుతో కనకలక్ష్మి నోరు మూతపడింది. తనను పుట్టింటికి పంపితే పంపుతారు, ఈ ఇద్దరు పిల్లలు ఎవరి చేతుల్లో పెరుగుతారు? అప్పటినుంచి నాలుగేళ్లుగా తాయెత్తులు కట్టించుకుంది. సోమవారాలు ఒక్కపొద్దులున్నది. భూపాలపల్లి అవతల నుంచి తెచ్చిన పసరు పరగడుపున మింగింది, మింగి కక్కింది, కక్కితే అత్త సంబరపడి ఇరుగమ్మకు చెప్పి వచ్చింది. నెల నెలా బయట చేరినప్పుడల్లా ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు. తలుపు తానే మూసి తాళం వేసుకుని, తెరవమని దేవుడికి మొక్కే వాళ్లతో కలిసి దండం పెట్టడం ఎంత సిగ్గుచేటో ఆమెకు తెలుసు. తప్పు తనదే అని కొన్నాళ్లు నమ్మింది కూడా.

"బండి తీసుకోంగనే ముందు కురవి పోదం," పరశురాములు చేయి కడుక్కుంటూ అన్నాడు. "రేపు గాక వచ్చే సోమవారం హన్మకొండ. పిల్లలు కాని దవాఖానల నంబరు రాయించిన. స్కానింగులు, గిట్ల అన్నీ చేస్తరట."

ఆమె చేతిలో గరిటె ఆగింది. నాలుగేళ్లు దాచిన మాటకు ఇంక ఎనిమిది రోజులే మిగిలాయి. అది ఆమె నోటితో కాక ఎవరో కంప్యూటరు ముందు కూర్చున్న డాక్టరు నోటితో వీళ్ల చెవిన పడబోతోంది.

తిరుపతి కార్ల కన్సల్టెన్సీ హైదరాబాద్ రోడ్డు మీద ఉంది. అందరూ పోయారు. మామ ఆఫీసు గదిలో చాయ్ దగ్గర కూర్చుండిపోయాడు. తెల్ల బండి, కడిగి తుడిచి పెట్టారు. తిరుపతి తలుపులు తెరిచి, బానెట్ ఎత్తి, టైర్లు తన్ని చూపించాడు, అంతా పరశురాములుకే.

"ఎన్క సీటు దాకా గాలి వస్తదా అన్నా?" అనడిగింది కనకలక్ష్మి.

"ఏసి సల్లగ కొడ్తదని చెప్పు వదినెకు," అన్నాడు తిరుపతి, పరశురాములుతో. ఆమె అక్కడే, అడుగున్నర దూరంలోనే ఉంది.

నడిపి చూద్దామన్నారు. తిరుపతి నడిమి సీటు ఒకటి మడిచాడు. కనకలక్ష్మి వంగి, చీర ఎత్తిపట్టుకుని, వెనక్కి పాకింది. సీటు టక్కున మళ్లీ పడింది. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఏడు సీట్ల బండి అంటారు గాని వెనక ఉన్న ఆ రెండూ మనుషులకు కాదు, సామానుకు. పైగా నడిమి సీటు ఎవరైనా మడిస్తేనే బయటపడేది. మడిచే పిడి ఆమె చేతికి అందదు.

బండి కదలకముందే కట్టమ్మ సంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసింది. ఎండుకొబ్బరి కుడక, రెండు వక్కలు, పదకొండు రూపాయలు. కురవి వీరభద్రస్వామికి దండం పెట్టి, వెనక్కి తిరిగి మోకాళ్ల మీద లేచి, ఏడో సీటు పైన ఉన్న చేతిపట్టుకు ఆ ముడుపు కట్టింది. మూడు ముళ్లు.

"అవ్వా, బండి ఇంక మీది కాలె," అన్నాడు తిరుపతి.

"అయితది తియ్యి," అంది కట్టమ్మ.

సూర్యాపేట రోడ్డు మీద కాస్త దూరం పోయారు. చిన్నది నడిమి సీట్ల సందులోంచి జారి వెనక్కి వచ్చి, తల్లి పక్కన ఖాళీ సీట్లో కూర్చుంది. కాళ్లు ఊపుకుంటోంది.

"ఏయ్, అది నీది కాదు. లే," అంది నాయనమ్మ. "అది తమ్మునిది."

పిల్ల లేచింది. ఏడవలేదు, మారాం చేయలేదు. ఎక్కడ కూర్చోవాలా అని అటూ ఇటూ చూసి, తల్లి పాదాల దగ్గర ఇరుకులో గొంతుకూచుంది. "అమ్మా, నేను గీడ కూసుంట. తమ్ముడు కొట్లాడడు," అంది మెల్లగా. పక్కన మెత్తటి సీటు ఖాళీగా ఉంది, పైన పసుపు మూట ఊగుతోంది, నాలుగేళ్ల పిల్ల కింద రేకు మీద ముడుచుకుని కూర్చుంది. కనకలక్ష్మికి కోపం వచ్చింది. తన మోకాళ్లు నొచ్చినప్పుడు ఎప్పుడూ ఇంత కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపించింది.

తిరిగొచ్చి షెడ్డులో ఆపగానే పరశురాములు దిగి, బానెట్ మీద చేయి పెట్టి విన్నాడు. మోటార్ల చప్పుడుతో బతికే మనిషి, చెవి మోసపోదు.

"లోపట ఏందో కొట్టుకుంటున్నది తిరుపతీ. గియ్యరు మారిస్తె గుంజుతున్నది. ఇది వద్దు. ఇంకోటి చూపియ్."

"ఇంకోటంటె ఎట్లన్నా. అవ్వ ముడుపు గట్టె గద దీనికి." తిరుపతి మొహంలో నవ్వు దాగడం లేదు.

పరశురాములు తల్లి వైపు తిరిగాడు. "ఇప్పితె పోదా?"

"ఎట్ల ఇప్పుతరు? పోరడు పుట్టినంక తల్లి చేతులతోని ఇప్పాలె," అంది కట్టమ్మ. అప్పటికే గీతను తీసుకుని దిగి తలుపు దగ్గర నిలబడింది. "నడుమ ఇప్పితె కడుపు పండది. అంతే."

మూడు ముళ్లు కట్టేసింది ముసలమ్మే గాని ఇరుక్కున్నది ఆయన. మంచి బండికీ చెడ్డ బండికీ తేడా తెలిసినవాడు, తెలిసి తెలిసి తల ఊపాడు. "సరే తీ. ఇదే తీసుకుందం. ఇంజను చేయించుకుంటం, ఏం జేస్తం మరి."

వెనక కనకలక్ష్మి అన్నీ వింటోంది. ఆమెను దింపడం ఎవరికీ గుర్తు లేదు. నడిమి సీటు అలాగే నిలబడి ఉంది. ఈ బండి ఇంటికి వస్తుంది. ఆ మూట అలాగే వేలాడుతుంది. చిన్నది ప్రతిసారీ కింద కూర్చుంటుంది, కొన్నాళ్లకు కూర్చోమని ఎవరూ చెప్పకుండానే కూర్చుంటుంది. పెద్దయ్యాక ఏ ఇంట్లోనో ఏ బండిలోనో కూడా అలాగే చోటు వెతుక్కుంటుంది. అది నేర్పిన తల్లి తానే అవుతుంది. హన్మకొండ డాక్టరు చెప్పేదాకా ఆగితే, ఆ రోజు తాను దొంగగా దొరుకుతుంది. భయం తగ్గలేదు. చేతులు చల్లబడే ఉన్నాయి. ఆ చేతులే పైకి పోయి ముడి వెతికాయి.

మొదటి ముడి వచ్చేసరికి గీత చూసింది. "అమ్మ ఇప్పుతున్నది," అంది.

"ఏం జేస్తున్నవే పిల్లా?" కట్టమ్మ తలుపు పట్టుకుంది. "పుట్టినంకనే ఇప్పాలె అంటున్న గద."

కనకలక్ష్మి మూడో ముడి కూడా విప్పింది. పసుపు మూటను నడిమి సీటు మీదుగా అత్త చేతికి అందించింది. కిందున్న పిల్లను లేపి, ఖాళీ సీట్లో కూర్చోబెట్టింది.

"పుట్టడు అత్తమ్మ. నాకు ఇంక పుట్టరు. ఇది పుట్టిన్నాడే పిల్లలు కాకుంట ఆపరేషన్ చేయించుకున్న. హన్మకొండ పోవుడు అక్కర లేదు. మనకు ఇద్దరు బిడ్డలు, వాళ్ల సీట్లు చూసి బండి తీసుకోండ్రి."

తిరుపతి ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని అవతలికి నడిచాడు. కట్టమ్మ మూట రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తోంది. పరశురాములు వంగి, తెరిచిన తలుపులోంచి లోపలికి మొహం పెట్టాడు. ఆయన గొంతు పెద్దగా లేదు, అందుకే ఎక్కువ భయం వేసింది.

"నాలుగేండ్లు దాచినవ్. ఎవలనడిగి చేయించుకున్నవే?"

"నేను ఎవల్ని అడగలె," అంది కనకలక్ష్మి. "డాక్టరమ్మనే నన్నడిగింది. నీకేం కావాలమ్మా అన్నది. పెండ్లయి పన్నెండేండ్లాయె, గా మాట నన్నడిగింది ఆమె ఒక్కతే."

పరశురాములు తలుపులోంచి మొహం వెనక్కి తీసుకున్నాడు.

"జర ఆ సీటు మడువుండ్రి," అందామె. "మేము దిగాలె."