తడి ప్లేట్లు

మా ల్యాబ్‌లో పెంచే మట్టి బ్యాక్టీరియాకి లోపల ఈటెలాంటి ఆయుధం ఉంటుంది. తనను ఆనుకుని ఉన్న సూక్ష్మజీవిని దాంతో పొడిచి విషం ఎక్కిస్తుంది. ఈటె తయారీకి చాలా శక్తి ఖర్చవుతుంది కాబట్టి, చుట్టూ గుంపు చేరినప్పుడే దాన్ని తయారు చేసుకుంటుంది. ఆ ఆజ్ఞ ఇచ్చే జన్యువు నాకు దొరికిందనుకున్నాను. అది తీసేసిన బ్యాక్టీరియాని ఈ-కోలై అనే మరో బ్యాక్టీరియాతో కలిపి, జెల్లీ పోసిన ప్లేటు మీద చుక్క పెడితే, నాలుగు గంటల తర్వాత కూడా ఈ-కోలై అంతా బతికే ఉంది. మూడుసార్లూ అంతే. గురువారం కమిటీ ముందు నా పీహెచ్‌డీకి అదే ఆధారం.

మంగళవారం పొద్దున ఒరెస్ట్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ల్యాబ్‌లో నాకన్నా ఆరేళ్లు సీనియర్.

"ఏదీ, నీ అద్భుతం చూపించు తల్లీ," అంటూ అప్పుడే చుక్క పెట్టిన ప్లేటు తీసి వంచాడు. చుక్క జారి అంచుదాకా పోయింది.

"టెస్, ఇది ప్లేటా, చెరువా? బయట మంచులో పెడితే గడ్డకడుతుంది, స్కేటింగ్ చేసుకోవచ్చు. ఎప్పుడు పోశావ్?"

"ఇందాకే."

"ఆరబెట్టలేదా?"

"టైమ్ ఎక్కడుంది?"

"మరి జన్యువు తియ్యని మామూలువాటిని ఏ ప్లేట్ల మీద పెట్టావ్?"

నోట్‌బుక్ తిరగేశాను. అవి జనవరిలో చేసినవి, బాగా ఆరిన ప్లేట్ల మీద. అప్పుడు ఈ-కోలై వెయ్యికి ఒకటి మిగిలింది. ప్రతిసారీ మళ్ళీ పెట్టడం దండగనిపించి, తడి ప్లేట్ల మీద వచ్చిన ఫలితాన్ని ఆ పాత అంకెలతోనే పోల్చుకుంటూ వచ్చాను. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. నాన్న గోధుమల లారీ నడుపుతాడు. సామాను వృథా చేస్తే ఎవరైనా అడుగుతారేమోనన్న భయం మొదటిరోజు నుంచీ ఉంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"నీళ్ళలో తేలుతుంటే ఒకదాన్నొకటి ఎలా పొడుచుకుంటాయే? ఈటె ఎంత పొడుగనుకున్నావ్?"

"అర్థమైంది. ఇంక చెప్పకు."

ఒరెస్ట్ తన ఆరిన ప్లేట్లు రెండు ఇచ్చాడు. జన్యువు తీసినవీ, తియ్యనివీ రెండు రకాల బ్యాక్టీరియానీ ఈ-కోలైతో కలిపి తడి ప్లేట్ల మీదా, ఆరినవాటి మీదా ఒకేసారి పెట్టాను. బుధవారానికి ఫలితం తేలింది. తడి మీద రెండు రకాలూ ఏమీ చంపలేదు. ఆరినవాటి మీద రెండూ సమానంగా చంపాయి. ఆ జన్యువుకీ ఈటెకీ సంబంధమే లేదు.

మా ప్రొఫెసర్ మోరీన్ గదిలోకి వెళ్ళాను.

"రేపు చూపించాల్సిన ఫలితం తప్పండి."

"ఎంతవరకు?"

"మొత్తం."

ఆవిడ నా నోట్‌బుక్ రెండుసార్లు చదివారు. "వాయిదా వేద్దామా?"

"వేస్తే అప్పుడైనా చూపించేది ఇదేగా."

"అయితే రేపే చూపించు. నీళ్ళు నమలకు."

గురువారం ఆ నాలుగు ప్లేట్ల ఫోటో మొదటే వేసి, నా తప్పేంటో చెప్పాను. కమిటీలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తావ్?"

"ఈటెతో సంబంధం ఉండొచ్చనుకునే జన్యువులు ఇంకా నలభై ఒకటి చూడాలండి. ప్రతిసారీ మామూలువాటిని కూడా పక్కనే పెట్టి."

"ఏడాది పడుతుంది."

"పడుతుందండి."

నా పీహెచ్‌డీ గడువు కాగితం మీద ఏడాది పెంచి కమిటీలోని ముగ్గురూ సంతకాలు పెట్టారు.