రెండో సంతకం

తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అని సామెత. వరప్రసాదం గారు ఆ సామెతకు కూడా లొంగని మనిషి. గొళ్లెం వేస్తారు, తాళం వేస్తారు, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తారు. ఇక గ్యాసు బండ సంగతి చెప్పనే అక్కర్లేదు. రాజోలులో ఆ వీధి వాళ్లంతా నవ్వుకుంటారు. నవ్వడానికేం, పీకులాట ఆయనది కదా!

ఇప్పుడా పీకులాట ఓ జానెడు ప్లాస్టిక్ విమానం మీద పడింది. డెబ్భై ఒకటి యుద్ధంలో, ఇరవై ఏళ్ల వయసులో, ఆయన మెకానిక్‌గా చూసుకున్న నాట్ అనే చిన్న యుద్ధ విమానానికి నమూనా అది. కూతురు శారోన్ పనిచేసే బళ్లో ఇవాళ ప్రదర్శనకు పెట్టాలి. రెక్కలు, చక్రాలు, రంగు అన్నీ అయిపోయాయి. మిగిలింది వీపు మీద ఇంధనం పోసే మూత ఒక్కటే. ఆవగింజంత ఉంటుంది. మూడుసార్లు అతికించి మూడుసార్లు పీకేశారు.

"బస్సు తొమ్మిదిన్నరకి డాడీ. ఇంకా ఎంతసేపండీ?"

"మూత సరిగ్గా కూర్చోలేదమ్మా."

"కూర్చుందండి. నిన్నా కూర్చుంది, మొన్నా కూర్చుంది."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్లారు. మళ్లీ వచ్చి కూర్చున్నారు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఆ రోజు మూత నేనే బిగించేను. బిగించేననే అనుకుంటున్నాను. మేం బిగించేక ఇంకొకాయన చూసి రెండో సంతకం పెట్టాలి. హడావుడిలో ఆయన చూడకుండానే పెట్టేసేరు. విమానం వెళ్లింది. మరి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు."

మీ తప్పు కాదు డాడీ అని శారోన్ అనలేదు. అన్నా ఆయన నమ్మేవారు కాదు. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"పెట్టండి. నేను చూస్తాను."

ఆయన జిగురు రాసి మూత పెట్టారు. అది ఆరేదాకా ఆగి, శారోన్ గోటితో చుట్టూ నొక్కి చూసింది. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. ఆమె తలెత్తలేదు. మళ్లీ ఒకసారి నొక్కింది. విమానాన్ని అట్టపెట్టెలో సర్ది, పెట్టె మీద ఆయన చేత సంతకం పెట్టించి, దాని కింద తనది పెట్టింది.

పదింటికి తాళం వేసుకుని ఇద్దరూ బయల్దేరారు. వీధి మలుపులో ఆటో ఆగి ఉంది. అక్కడికి రాగానే అలవాటు కొద్దీ ఆయన కాళ్లు ఆగిపోయాయి.

"శారోనూ, తాళం నువ్వు చూసేవా?"

"ఆయ్, చూసేనండి."

వరప్రసాదం గారు పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నారు.