గంట ఆగితే తలుపెయ్యాలి

సభ తలుపు దగ్గర ఇరవై ఆరేళ్లుగా నిలబడుతున్నాను. ఓటింగ్ అనగానే మూడు నిమిషాలు గంట మోగుతుంది. అది ఆగిన మరుక్షణం తాళం వేసెయ్యాలి. ఆ తర్వాత మంత్రి వచ్చినా సరే, బయటే. ఒక్కణ్ణి ఆలస్యంగా వదిలినా ఆ ఓటింగే చెల్లదు. నా ఉద్యోగమంతా ఇంతే. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు, మొహమాటం లేకపోతే చాలు.

ఆ రోజు ఓటింగ్ వైద్య బిల్లు మీద. ఏడాదిన్నరగా దాని గురించి కొట్టుకు చస్తున్నారు. అందులో నాకు కావలసింది ఒకే ఒక్క ముక్క: ఎంత చికిత్స కావాలో డాక్టరు రాసిందే చెల్లాలి. నన్ను తల్లిలా పెంచిన మా అక్కకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చెయ్యాలని డాక్టరు రాస్తాడు. రెండు చాలని బీమా ఆఫీసులో ఎవడో కొట్టేస్తాడు. వాడు మా అక్క ముఖం చూసి ఎరగడు. ఆ మూడోది లేక, వారం చివరికొచ్చేసరికి ఆవిడ కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టవు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే నిద్రపోతుంది.

గంట మొదలైంది. బిల్లు తరఫు వాళ్లంతా లోపలికెళ్లారు, ఒక్కడు తప్ప. మేం ఆయన్ని మైకాయన అంటాం. మైకు కనిపిస్తే ఇక కదలడు. మెట్ల మీద టీవీవాళ్ల ముందు నిలబడి దంచేస్తున్నాడు.

"ప్రాణమైనా ఇస్తాను గానీ ఈ బిల్లును ఓడిపోనివ్వను!"

నీ ప్రాణం ఎవడిక్కావాలయ్యా, లోపలికొచ్చి ఓటెయ్యి!

దగ్గరికెళ్లి, "సార్, గంట మోగుతోంది," అన్నాను. తల ఊపాడు. కాసేపాగి మళ్లీ వెళ్లాను. ఒక్క నిమిషమన్నట్టు వేలు చూపించాడు. మూడోసారి తలుపు దగ్గర్నుంచే గొంతు చించుకున్నాను. టై సర్దుకుంటూ ఇంకో కెమెరా వైపు తిరిగాడు.

గంట ఆగింది. అవతలి పక్షం మనిషి ఒకడు నా పక్కనే వాచీ చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకా చూస్తావేం? వెయ్యి," అన్నాడు.

ఈ చేతులతోనే వేశాను.

ఓట్లు సరిసమానం. సమానమైతే బిల్లు పోయినట్టే.

తాళం తీసి బయటికి రాగానే మైకాయన కెమెరాలన్నిటినీ వెంటేసుకుని నా మీదికొచ్చాడు. "చూడండి, నా ముఖం మీదే తలుపేశాడు! ఇలాంటి రాతిగుండె వాళ్ల వల్లే పేదవాళ్లు చచ్చిపోతున్నారు!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో ఏ సభ్యుడికీ ఎదురు చెప్పి ఎరగను. "మూడుసార్లు పిలిచాను! సిగ్గు లేదూ?" అని అరిచాను. అప్పటికే టీవీవాళ్లు లైట్లు ఆపేసి వైర్లు చుట్టుకుంటున్నారు.

ఇంటికెళ్లేసరికి అక్క ఉబ్బిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని టీవీ చూస్తోంది. నా వైపు తిరగలేదు.

"తలుపేసింది నువ్వేనట్రా?"

"నేనే అక్కా. రూలు. వాణ్ణి మూడుసార్లు పిలిచాను."

"పిలిచావా?"

"పిలిచాను, ఒట్టు."

ఆవిడ టీవీ కట్టేసింది. ఆయాసం తగ్గేదాకా ఆగి, అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"పిలవడమేంట్రా వెధవా! కాలరు పట్టుకుని ఈడ్చుకురావాల్సింది!"

ఆ మూడు నిమిషాలూ నాకు 'సార్' అనడం తప్ప ఇంకేమీ తట్టలేదు.