రెండు సీసాలు పలికిన పేరు

కడపలో ఆ పెంకుటింటి బోర్డు మీద మ్యూజియం అని రాసి ఉన్నా, ఊరంతా దాన్ని చచ్చినోళ్ళ బడి అనే పిలిచేవాళ్ళు. పొద్దున తొమ్మిదింటికి అక్కడి నౌకరు కంబన్న తలుపులు తీసి, సీసాల మీద దుమ్ము తుడిచి, రిజిస్టరు పట్టుకుని హాజరు పిలిచేవాడు. "కట్లపాము!" అంటే స్పిరిటులో మునిగిన కట్లపాము తోక కొస కదిలించేది. "మండ్రగబ్బ!" అంటే తేలు కొండి ఎత్తేది. చచ్చిన జీవిని సరైన పేరుతో పిలిస్తే పలకడంలో వింతేముంది? కంబన్న టిక్కు పెట్టుకుని తర్వాతి సీసా దగ్గరికి పోయేవాడు.

ఒక్కటే పలికేది కాదు. వెనక గోడకున్న అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచిన సాలీడు. ఆ మ్యూజియం పెట్టిన డాక్టరు దొర స్వయంగా దాని చీటీ మీద 'బద్వేలు విషపు సాలీడు' అని రాసి పోయాడు. ఆరేళ్ళుగా కంబన్న అన్నిటికన్నా ఆఖర్న ఆ పేరు పిలవడం, అది బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోవడం, ఇతను గైరుహాజరు వేయడం. ఎదురుగా కనబడుతున్నదానికి గైరుహాజరేమిటి? చచ్చింది ఎక్కడికి పోయి ఉంటుంది? ఆలోచించేకొద్దీ బుర్ర తిరిగిపోయేది. అడుగుదామంటే దొర ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

1936 ఎండాకాలంలో ఒకరోజు బద్వేలు నుంచి సిద్దమ్మ వచ్చింది. నేతగాడైన ఆమె భర్త మగ్గం మీదే ఒరిగి చనిపోయినప్పుడు, ఆ ఊళ్ళో క్యాంపులో ఉన్న దొరకు, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే మగ్గం గుంటలో దొరికిన సాలీడే అది. అదే కరిచి చంపిందన్న దొర మాటకు జడిసి వీధివాళ్ళు ఆ గుంటను మట్టితో పూడ్చేశారు. నేత తప్ప ఇంకో పని ఎరగని సిద్దమ్మ అప్పట్నుంచీ రోడ్డుకు కంకర కొట్టి బతుకుతోంది.

"గుంట మళ్ళా తవ్వుకుంటానంటే పెద్దలు ఒప్పుకోరన్నా. అది మనిసిని చంపేది కాదని ఈడ్నించి కాగితం తెమ్మంటాండారు. మా మగ్గాల కింద అట్టాంటివి శానా ఉంటాయి. ఎవురినీ ఏం చేసింది లేదు," అంది.

"దొర రాసిందాన్ని నేనెట్ల కొట్టేసేదమ్మా? సీసాలు తుడిచేటోణ్ణి. కూచో, హాజరు అయినాక మాట్లాడదాం."

ఆమె గడప దగ్గర, బీరువాకు ఎదురుగా కూర్చుంది. కంబన్న ఎప్పటిలాగే బీరువాకు వీపు పెట్టి మొదలుపెట్టాడు. "గోడ సాలీడు!" అన్నాడు. ఇంటింటా గోడల మీద తిరిగే సాలీడు పద్నాలుగో సీసాలో కాలెత్తింది.

"రెండు పలికినాయి గదన్నా," అంది సిద్దమ్మ.

"యాడ రెండు?"

"నీ యెనకాల బీరువాలోది గూడా కాలెత్తె."

కంబన్న గిర్రున తిరిగి మళ్ళీ పిలిచాడు. ఇక్కడొక కాలు, అక్కడొక కాలు. విషపు సాలీడని పిలిచాడు. రెండూ గమ్మునున్నాయి. ఒక పేరుకు రెండు సీసాలు పలికితే ఎవరికి టిక్కు పెట్టాలి? తన చెవులదే తప్పో, రిజిస్టరుదే తప్పో తెలియక, పరుగున పోయి హైస్కూలు సైన్సు పంతులు వెంకటేశ్వర్లును పిలుచుకొచ్చాడు.

పంతులు రెండింటినీ పళ్ళెంలోకి తీసి, భూతద్దం పట్టుకుని మధ్యాహ్నం దాకా పరీక్షించాడు. కళ్ళు లెక్కపెట్టాడు. రెండింటికీ ఎనిమిదేసి, రెండు వరసలు, ఒకటే అమరిక. కాళ్ళ మీది ముళ్ళు పోల్చాడు. చివరికి నవ్వాడు.

"మూతి దగ్గర ఈ రెండు బొడిపెలు చూడు కంబన్నా. దొర వీటిని విషపు సంచులనుకున్నాడు. ఎదిగిన మగ సాలీళ్ళకు ఇవి ఉండేవే. పద్నాలుగో సీసాలోది ఆడది, ఇది మగది. జాతి ఒకటే. మనిషిని చంపేంత విషం దీనికి లేదు."

ఆరేళ్ళు దాన్ని ఎవరి పేరుతోనో పిలిచి, పలకలేదని గైరుహాజరు వేసినందుకు కంబన్నకు సిగ్గేసింది.

సిద్దమ్మ మాత్రం సంతోషించాలో ఏడవాలో తెలియనట్టు నిలబడింది. "మరి మా ఆయన ఎట్ల పోయినట్టు సామీ? ఇన్నేండ్లూ దీన్నే తిట్టుకుంటి."

"అది నాకు తెలియదమ్మా," అన్నాడు పంతులు. తెలిసినంతే కాగితం మీద రాసి సంతకం పెట్టి, సీసాకు కొత్త చీటీ అంటించాడు.

కాగితం చదివి వినిపించడానికి కంబన్న కూడా బద్వేలు వెళ్ళాడు. వీధి పెద్ద గోపన్న రెండుసార్లు చదివించుకుని, "సరే, తవ్వుకో పో," అన్నాడు. ఆనాడు పూడ్చినవాళ్ళే గడ్డపారలు తెచ్చారు. సాయంత్రానికి గుంట తేలింది, మగ్గం నిలబెట్టి తొక్కుడు చెక్కలు కట్టారు. సిద్దమ్మ గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించింది గానీ, చెక్కల మీద పెట్టలేదు.

పెండ్లాం మొగుని పేరు నోట పలకని కాలమది. పెండ్లయిన నాటి నుంచీ ఆమె ఒక్కసారీ పలికి ఎరగదు. ఇప్పుడు తల వంచి, గుంటలోకి చూస్తూ, మెల్లగా ఆ పేరు పిలిచింది.

"లక్ష్మన్నా."

ఆమె కాలు ఆనించకుండానే ఎడమ చెక్క కిందికి దిగింది.

"పొద్దు గూకక ముందే పడుగు చూసుకో సిద్దమ్మా," అని గోపన్న గడ్డపార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సిద్దమ్మ కళ్ళు తుడుచుకుని కుడి చెక్క తొక్కింది.

కంబన్న చేయి అలవాటుగా చెవి మీది పెన్సిలు దగ్గరికి పోయింది. ఈ హాజరు ఏ రిజిస్టరులో వేయాలో అతనికి ఎంతకీ తోచలేదు.