చెరువులో ఒక చుట్టు

వ్యాను చెరువుకట్ట మీదికి ఎక్కుతుండగా హరిత ఒళ్లో ఫోను మోగింది. కళ్యాణదుర్గం నుంచి అత్త వరలక్ష్మమ్మ.

"యాడున్నారే? నల్లమాడ చేరినారా?"

"లేదత్తా, దగ్గరికొచ్చినాం."

"అయితే వెనక్కి రాండి. అయ్యవారిని ఇప్పుడు అడిగినా. రేపు మధ్యాహ్నానికే అమావాస్య దిగిపోతాదంట. ఆషాఢం ఎల్లుండి పొద్దు పుట్టినాకనే లెక్కంట. రేపు సాయంత్రం పోయినా తప్పు లేదన్నాడు. రేపు పొద్దున మన అంగట్లో అమావాస్య పూజకు కోడలు ఉండల్లని మీ మామ ఒకటే గోల."

పెళ్లయి రెండు నెలలు. కొత్త కోడలు ఆషాఢమంతా పుట్టింట్లో ఉండాలి, అల్లుడు ఆ గడప తొక్కకూడదు. అమావాస్యనాడు ప్రయాణం వద్దని అత్త ఒకరోజు ముందే పంపేసింది. దారి పొడుగునా మొగుడూ పెళ్లాలిద్దరూ వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, నెల ఎడబాటు మాట ఎత్తకుండా వచ్చారు. ఇప్పుడు ఒక రోజు ఊరికే చేతికొచ్చింది. అందులో రేపటి సాయంత్రం హరితకు మరీ నచ్చింది. అది అమావాస్యదీ కాదు, ఆషాఢానిదీ కాదు. ఎవరి లెక్కలోనూ లేని సాయంత్రం.

"తిప్పు బావా," అంది.

సాయిగణేష్ వ్యాను ఆపి స్టీరింగ్ తిప్పబోయాడు. అది కదల్లేదు. లోపలేదో మూలిగింది. దిగి వంగి చూస్తే, ముందు చక్రం పక్కన ఎర్రటి ఆయిలు బొట్లు బొట్లుగా కారుతోంది.

"పవర్ స్టీరింగ్ పాయె. ఆయిలు గొట్టం పగిలినట్టుండాది."

"బ్రేకులో?"

"అవి బాగుండాయి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన కొన్న బండి. ముందుకు పొమ్మంటే పోతాది, తిరగమంటేనే మొండికేస్తాది. అచ్చం మా నాయనే."

కట్ట మీద దారి ఇరుకు. రెండు పక్కలా పల్లం. ముందుకు తిన్నగా పోతే నల్లమాడ. అక్కడ అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఒకసారి లోపల కాలు పెట్టాక అమ్మ మళ్లీ పంపదు. దొరికిన రోజు దొరికినట్టే పోతుంది.

"ఇందాక మలుపులో తిరిగింది కదా," అంది హరిత.

"కదులుతాంటే కొంచెం తిరుగుతాది. నిలబెట్టి తిప్పేకి కాదు. ఇంత బండి కదులుతా తిరగల్లంటే పెద్ద మైదానం కావల్ల."

హరిత కిటికీలోంచి బయటికి చూసింది. ఏళ్ల తరబడి నీళ్లు చూడని చెరువు, నెర్రెలు విచ్చి, ఆకాశమంత వెడల్పున పరుచుకుని ఉంది. కట్ట చివర, పూడికమట్టి తోలిన ట్రాక్టర్ల దారి తిన్నగా అందులోకి దిగుతోంది.

"ఇదుండాది కదా," అంది.

వ్యాను మెల్లగా చెరువులోకి దిగింది. హరిత పక్కకు జరిగి స్టీరింగ్ మీద తన రెండు చేతులూ వేసింది. గాజులు గలగలమన్నాయి. నాలుగు చేతులూ కలిసి లాగితే చక్రం బెత్తెడు బెత్తెడుగా లొంగింది. కొండలు ఒకదాని వెనక ఒకటి అద్దంలోకి వచ్చి పోయాయి. తుమ్మచెట్లు, మేకలు, కట్ట, మళ్లీ కొండలు. ఎర్రదుమ్ము లేచి ఎండలో బంగారు పొడిలా తేలింది. నీళ్లు ఉండాల్సిన చోట, నీళ్ల అడుగున తిరుగుతున్నట్టనిపించింది హరితకు. అతని చేతికి పట్టిన చెమట తన చేతికి అంటింది. ఈ చుట్టు పూర్తికాకపోయినా బాగుండు అనుకుంది.

మేకలు కాసే ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

"ఏమప్పా, చెరువుకు ప్రదక్షిణం చేస్తాండారా?"

"బండి తిరగనంటాండాది తాతా."

"తిప్పు తిప్పు. నీళ్లొస్తే నీకు జాగా దొరకదు."

చుట్టు పూర్తయింది. వ్యాను ముక్కు కళ్యాణదుర్గం వైపు నిలిచింది. సాయిగణేష్ చేతులు విదిలించుకుని నవ్వాడు.

హరిత అమ్మకు ఫోను చేసింది.

"ఈ రోజు రాలేము మా. రేపొస్తాం. పొద్దున మెకానిక్ రంగన్న షెడ్డులో బండికి గొట్టం వేయిస్తాం, పూజ అయినాక బయల్దేరతాం. కొంచెం ఆలస్యమైతాది, ఎదురుచూడొద్దు. దారిలో ఈ చెరువులోకి దిగి, ఒక చుట్టు నేను నడిపి, ఆమీదనే ఇంటికొస్తా."